వాడని సాఫ్ట్‌వేర్ తొలగింపు, లైసెన్సుల వాపసు

సంస్థల కంప్యూటర్లలో ఎక్కించి ఉండి, చాలాకాలంగా ఎవరూ తెరవని సాఫ్ట్‌వేర్‌ను గుర్తించి తీసివేయడం, దానికి కట్టిన లైసెన్సును ఆ ఉద్యోగి పేరు నుంచో ఆ యంత్రం నుంచో విడిపించి, అవసరమున్న మరొకరికి కేటాయించడం ఈ కార్యక్రమంలోని రెండు భాగాలు. సాఫ్ట్‌వేర్ ఆస్తుల నిర్వహణ అనే విస్తృత రంగంలో ఇది ఒక శాఖ. ఐటీ విభాగాల్లో దీన్ని లైసెన్స్ హార్వెస్టింగ్ అనీ, లైసెన్స్ రీక్లెయిమ్ అనీ అంటారు. డబ్బు పెట్టి కొని వాడకుండా వదిలేసిన సాఫ్ట్‌వేర్‌ను షెల్ఫ్‌వేర్ అంటారు.

నిర్వచనం, పరిధి

తొలగింపు వేరు, వాపసు వేరు. కంప్యూటర్ నుంచి ప్రోగ్రామును తీసేసినంత మాత్రాన లైసెన్స్ తిరిగి రాదు. లైసెన్స్ పట్టికలో పేరు మార్చినంత మాత్రాన కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రామూ పోదు. మొదటి పని మాత్రమే చేస్తే రూపాయి కూడా మిగలదు. రెండోది మాత్రమే చేస్తే ఒక్క లైసెన్సు మీద రెండు చోట్ల సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు తేలి, ఆడిట్ వచ్చిన రోజు సంస్థ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. రెండూ జరిగినా కొనుగోలు ఒప్పందం ఒప్పుకోకపోతే బిల్లు తగ్గదు. సాంకేతికంగా తీసేయడం, రికార్డులో విడిపించడం, ఒప్పందం ప్రకారం ఖర్చు తగ్గించుకోవడం అనే మూడింటినీ కలిపి చూస్తేనే ఈ పని పూర్తయినట్టు.

‘వాడని’ అనే మాటకు ఇక్కడ ఒకటే అర్థం లేదు. ఎక్కించినప్పటి నుంచి ఒక్కసారీ తెరవనివి కొన్ని. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ వాడి, అది ముగిశాక వదిలేసినవి కొన్ని. ఉద్యోగి వెళ్ళిపోయినా ఆయన పేరున మిగిలిపోయినవి మరికొన్ని. లెక్కలో తొందరగా దొరకని నాలుగో రకం ఒకటుంది: అవసరానికి మించిన ఎడిషన్. పీడీఎఫ్ పత్రాలు చదవడం తప్ప మరేమీ చేయని ఉద్యోగి కంప్యూటర్‌లో ఖరీదైన అక్రోబాట్ ప్రో ఉంటుంది. ఆ పనికి ఉచితంగా దొరికే రీడర్ చాలు. విజియో బొమ్మలను చూడటానికే పూర్తి విజియో లైసెన్స్ తీసుకున్నవారి సంగతీ అంతే. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తీయరు, తక్కువ ఎడిషన్‌కు దించుతారు.

చరిత్ర

1960ల చివరి దాకా సాఫ్ట్‌వేర్‌కు సాధారణంగా విడిగా ధర ఉండేది కాదు. పెద్ద కంప్యూటర్ తీసుకుంటే ప్రోగ్రాములూ ఇంజనీర్ల సాయమూ అందులోనే కలిసి వచ్చేవి. 1969 జూన్ 23న ఐబీఎం ఈ పద్ధతి మారుస్తున్నట్టు ప్రకటించి, 1970 నుంచి ప్రోగ్రాములకు విడిగా రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేర్ ఒక సరుకుగా మారింది అప్పుడే. కొన్నదాన్ని వాడుతున్నామా లేదా అని చూసుకోవాల్సిన అవసరం కూడా అక్కడి నుంచే వచ్చింది.

చట్టం ఆ వెనుకే నడిచింది. అమెరికా 1980లో, భారతదేశం 1984లో తమ కాపీరైట్ చట్టాలను సవరించి కంప్యూటర్ ప్రోగ్రాములకు స్పష్టమైన రక్షణ కల్పించాయి. 1980లలో పర్సనల్ కంప్యూటర్లు బల్లబల్లకూ చేరడంతో ఏ విభాగానికి కావలసిన డిస్కులు ఆ విభాగమే కొనుక్కునేది. మొత్తం సంస్థలో ఏముందో చెప్పగలిగిన మనిషి ఉండేవాడు కాదు. 1988లో అమెరికాలో సాఫ్ట్‌వేర్ తయారీదారులు బిజినెస్ సాఫ్ట్‌వేర్ అలయన్స్‌ను ఏర్పాటు చేసుకుని అనధికార కాపీలపై దృష్టి పెట్టారు. సంస్థలు తమ యంత్రాల్లోని సాఫ్ట్‌వేర్‌ను లెక్కపెట్టడం మొదలుపెట్టింది ముందు ఈ భయంతోనే. లైసెన్సులు తక్కువ పడ్డాయేమోనని వెతికిన అదే లెక్కలో, అక్కర్లేనివి ఎక్కువ ఉన్నాయన్న సంగతి కూడా బయటపడసాగింది.

లెక్క తీసే పనిముట్లు మెల్లగా వచ్చాయి. మైక్రోసాఫ్ట్ 1994లో విడుదల చేసిన సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్‌తో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లలో ఏముందో ఒక్క చోట కూర్చుని చూడటం వీలైంది. నేటి కాన్ఫిగరేషన్ మేనేజర్ దాని వారసురాలే. 1999లో ఆఫీస్ 2000తో పాటు విండోస్ ఇన్‌స్టాలర్ వచ్చింది. అంతకుముందు ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో తొలగింపు పద్ధతి ఉండేది. చాలావాటికి ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని మీటలు నొక్కాలి. విండోస్ ఇన్‌స్టాలర్ ప్రతి ఉత్పత్తికీ ఒక కోడ్ ఇచ్చి, ఆ కోడ్‌తో తెర మీద ఏమీ కనిపించకుండా తీసేసే సౌకర్యం కల్పించింది. వేల యంత్రాల్లో రాత్రికి రాత్రి తొలగింపు జరపడం సాధ్యమైంది ఇలాంటి మార్పుల వల్లే.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 19770 మొదటి భాగం 2006లో వెలువడింది. 2012లో, 2017లో దాన్ని సవరించారు. రెండో భాగం సాఫ్ట్‌వేర్ తన గుర్తింపును తానే చెప్పుకునే చీటీల గురించి (2009), మూడో భాగం హక్కుపత్రాల నమూనా గురించి (2016) చెబుతాయి.

ఈ రంగాన్ని బాగా కుదిపింది మాత్రం చందా విధానం. 2013 మేలో అడోబీ తన క్రియేటివ్ సూట్‌కు ఇకపై కొత్త వెర్షన్లు రావనీ, అంతా క్రియేటివ్ క్లౌడ్ చందాయేననీ ప్రకటించింది. 2016 జనవరి 31 తర్వాత ఆటోడెస్క్ తన విడి ఉత్పత్తుల్లో చాలావాటికి శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసింది. శాశ్వత లైసెన్స్ వాడకుండా పడి ఉంటే నష్టం ఒకసారి జరిగిపోయినట్టు, ఆపై ఏటా మద్దతు రుసుము మాత్రం పోతుంది. చందాలో అలా కాదు. వాడని ప్రతి లైసెన్సూ ప్రతి గడువుకూ పూర్తి ధర తీసుకుంటూనే ఉంటుంది.

లైసెన్స్ రకాలు, వాపసు వీలు

వాపసు ఎంత తేలికో లైసెన్స్ దేనికి ముడిపడి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. కొత్త కంప్యూటర్‌తో పాటు వచ్చే ఓఈఎమ్ విండోస్ లైసెన్స్ ఆ యంత్రానికే అంకితం. యంత్రం పాతబడి తుక్కులోకి పోతే లైసెన్సూ దానితోనే పోతుంది. అక్కడ రాబట్టగలిగింది ఏమీ లేదు.

పెద్ద మొత్తంలో కొనే వాల్యూమ్ లైసెన్సులను ఒక యంత్రం నుంచి మరోదానికి, ఒక వ్యక్తి నుంచి మరొకరికి మార్చుకోవచ్చు. అయితే మైక్రోసాఫ్ట్ నిబంధనల ప్రకారం ఒకసారి కేటాయించాక సాధారణంగా 90 రోజులు గడిచేదాకా మళ్ళీ మార్చకూడదు. యంత్రం శాశ్వతంగా చెడిపోవడం, ఉద్యోగి సంస్థను విడిచిపోవడం వంటివాటికి మినహాయింపు ఉంది. పగలు ఒకరికీ రాత్రి షిఫ్టులో మరొకరికీ అదే లైసెన్సును తిప్పే ఆలోచనకు ఈ నిబంధన అడ్డం పడుతుంది.

ఇంజనీరింగ్ రంగంలో ఎక్కువగా కనిపించేది ఉమ్మడి లైసెన్స్. గ్రంథాలయంలో పుస్తకం లాగా ఒకరు తెరిచినప్పుడు తీసుకుని, మూసినప్పుడు తిరిగి ఇస్తారు. 1988లో వచ్చిన ఫ్లెక్స్‌ఎల్ఎమ్ సర్వర్ ఈ పద్ధతికి ఆధారం అయింది. ఇక్కడి ఇబ్బంది వేరు. ఉదయం సాఫ్ట్‌వేర్ తెరిచి, దాన్ని అలాగే వదిలి రోజంతా సమావేశాల్లో గడిపే ఇంజనీరు వల్ల, పక్క విభాగంలో నిజంగా పనున్న వ్యక్తికి ‘లైసెన్సులు ఖాళీ లేవు’ అన్న సందేశం వస్తుంది. అందుకే నిర్ణీత సమయం, సాధారణంగా 15 నిమిషాలకు తక్కువ కాకుండా, కదలిక లేకపోతే లైసెన్సును సర్వర్ తనంతట తానే వెనక్కి తీసుకునేలా అమర్చే వీలుంది. సదరు సాఫ్ట్‌వేర్ ఆ సౌకర్యాన్ని ఒప్పుకోవాలి. ఇక్కడ కంప్యూటర్ నుంచి ఏమీ తీయనక్కర్లేదు.

సర్వర్ ప్రాసెసర్ల సంఖ్యను బట్టి వసూలు చేసే డేటాబేస్ లైసెన్సుల్లో ఒక వ్యక్తి వాడకం మానేసినా లెక్క మారదు. మొత్తం సర్వర్‌నో, అందులోని కొన్ని ప్రాసెసర్లనో ఖాళీ చేస్తేనే ప్రయోజనం.

లెక్క అన్నిటికంటే కఠినంగా ఉండేది ఉద్యోగుల సంఖ్యను బట్టి వసూలు చేసే లైసెన్స్. ఒరాకిల్ 2023 జనవరిలో జావా ఎస్ఈకి ఇదే పద్ధతి తెచ్చింది. జావా ఎంతమంది వాడుతున్నారన్నది ఇందులో లెక్కలోకి రాదు. సంస్థలోని పూర్తికాలపు, పాక్షికకాలపు, తాత్కాలిక ఉద్యోగులతో పాటు లోపలి పనులకు తోడ్పడే కాంట్రాక్టు సిబ్బందీ లెక్కే. చిన్న సంస్థలకు జాబితా ధర మనిషికి నెలకు 15 డాలర్లు. 500 మంది ఉన్న సంస్థకు జాబితా ధరలో ఏడాదికి 90,000 డాలర్లవుతుంది, జావా నడిచేది పది యంత్రాల్లోనే అయినా. ఆ పదింటిలో తొమ్మిదింటి నుంచి తీసేసినా బిల్లు అంతే. చందా అవసరమయ్యే ఒరాకిల్ జావాను పూర్తిగా తీసి, ఎక్లిప్స్ టెమురిన్ వంటి ఓపెన్‌జేడీకే ఆధారిత ఉచిత ప్రత్యామ్నాయాలకు మారితేనే ఖర్చు తప్పుతుంది. 2021 ఆగస్టులో డాకర్ డెస్క్‌టాప్ నిబంధనలు మారినప్పుడూ ఇలాంటి వెతుకులాటే జరిగింది. 250 మందికి పైగా ఉద్యోగులు లేదా ఏడాదికి కోటి డాలర్లకు మించిన ఆదాయం ఉన్న సంస్థలు చందా కట్టాలని కంపెనీ చెప్పి, 2022 జనవరి 31 దాకా గడువిచ్చింది. అప్పటిదాకా ఉచితమని ఎవరికి వారు ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్ ఎన్ని యంత్రాల్లో ఉందో ఐటీ విభాగాలు ఆ గడువు లోపల తేల్చుకోవలసి వచ్చింది.

పని జరిగే తీరు

మొదటి మెట్టు జాబితా. ప్రతి కంప్యూటర్‌లో ఉంచిన చిన్న ఏజెంట్ ప్రోగ్రాము అక్కడ ఏముందో కేంద్ర సర్వర్‌కు పంపుతుంది. విండోస్‌లో ఈ సమాచారం రిజిస్ట్రీలోని అన్‌ఇన్‌స్టాల్ విభాగంలో దొరుకుతుంది. 32 బిట్ ప్రోగ్రాములకు అది వేరే చోట ఉంటుంది కాబట్టి రెండూ చూడాలి. ఉద్యోగి తన ప్రొఫైల్‌లో మాత్రమే ఎక్కించుకున్నవి మూడో చోట ఉంటాయి. ఒకే ఉత్పత్తి పది రకాల పేర్లతో, పది వెర్షన్లతో కనిపిస్తుంది. వాటన్నిటినీ ఒకే పేరు కిందికి తేవడం ఈ మెట్టులో ఎక్కువ ఓపిక కోరే పని.

రెండోది వాడకం కొలత. ప్రోగ్రాము ఎక్కి ఉందన్నది ఒక సంగతి, దాన్ని ఎవరైనా తెరిచారా అన్నది మరొకటి. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లోని మీటరింగ్ సౌకర్యం ఏ ప్రోగ్రామును ఎవరు ఎప్పుడు నడిపారో నమోదు చేసి, ఫలానా తేదీ తర్వాత అసలు నడవని ప్రోగ్రాముల నివేదిక ఇస్తుంది. ఈ లెక్కలు మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. కంప్యూటర్ ఆన్ కాగానే తనంతట తానే నడిచే ప్రోగ్రాము ‘రోజూ వాడుతున్నట్టు’ కనిపిస్తుంది. మరో ప్రోగ్రాముకు లోపల నుంచి సాయపడేది ‘ఎప్పుడూ వాడనట్టు’ కనిపిస్తుంది.

గడువు నిర్ణయం మూడోది. 30, 60, 90 రోజులు వాడుకలో ఉన్న కొలతలు. ఖరీదైన చందాలకు తక్కువ గడువు, చవకవాటికి ఎక్కువ గడువు పెట్టడం మామూలు. కానీ క్యాలెండర్‌ను పట్టించుకోని గడువు దెబ్బతీస్తుంది. టీడీఎస్ రిటర్న్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను అకౌంట్స్ విభాగం మూడు నెలలకోసారే తెరుస్తుంది. వార్షిక లెక్కల పనిముట్టుకు మార్చి, ఏప్రిల్ తప్ప మిగతా నెలల్లో పని ఉండదు. ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలలో ఒక సెమిస్టర్‌లోనే వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. 90 రోజుల నియమాన్ని గుడ్డిగా అమలు చేస్తే సరిగ్గా అవసరం పడే ముందే అవి మాయమవుతాయి. ప్రసూతి సెలవులో, దీర్ఘకాలిక వైద్య సెలవులో ఉన్నవారి కంప్యూటర్లను కూడా మినహాయింపు జాబితాలో చేర్చాలి.

ఆ తర్వాత ఉద్యోగికి కబురు పంపుతారు. ‘ఈ సాఫ్ట్‌వేర్‌ను మూడు నెలలుగా తెరవలేదు, ఫలానా తేదీన తీసేస్తాం, కావాలంటే చెప్పండి’ అన్న మెయిల్, దానితో పాటు ఉంచుకోవడానికి ఒక మీట. తీసేశాక మళ్ళీ అవసరమైతే సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ కేటలాగ్‌లో అడగగానే నిమిషాల్లో రావాలి. ఈ భరోసా లేని చోట ఉద్యోగులు వారానికోసారి ప్రోగ్రామును ఊరికే తెరిచి మూసి తమ లైసెన్సును కాపాడుకుంటారు. కొలతలన్నీ అర్థం లేనివైపోతాయి. సాంకేతిక నైపుణ్యం ఎంతున్నా ఈ కార్యక్రమం నిలిచేది ఉద్యోగుల నమ్మకం మీదే. అడగకుండా, చెప్పకుండా తీసేసే ఐటీ విభాగం మొదటి విడతలోనే దాన్ని పోగొట్టుకుంటుంది.

చివరగా తొలగింపు, రికార్డు సవరణ. ముందు కొన్ని యంత్రాల మీద పరీక్షించి, తర్వాత విడతలుగా విస్తరిస్తారు. వాపసైన లైసెన్స్ ఉమ్మడి నిల్వలోకి చేరుతుంది. కొత్త కోరిక వచ్చినప్పుడు కొనుగోలు విభాగం బజారుకు వెళ్ళే ముందు ఈ నిల్వను చూడాలి.

తొలగింపులో సాంకేతిక చిక్కులు

విండోస్ ఇన్‌స్టాలర్‌తో ఎక్కిన ప్రోగ్రామును దాని ఉత్పత్తి కోడ్‌తో నిశ్శబ్దంగా తీయవచ్చు. పని పూర్తయితే 0, పూర్తయినా కంప్యూటర్‌ను ఒకసారి మూసి తెరవాలంటే 3010 అనే సంకేతం వస్తుంది. 3010ను వైఫల్యంగా లెక్కవేసే స్క్రిప్టులు అనవసరపు అలజడి రేపుతాయి. కొత్త నిర్వాహకులు తరచు పడే గొయ్యి మరొకటుంది. విండోస్ నిర్వహణ సమాచారం ఇచ్చే డబ్ల్యూఎమ్ఐలోని విన్32 ప్రొడక్ట్ అనే తరగతిని అడిగి జాబితా తీస్తే, విండోస్ జాబితా ఇవ్వడంతో ఆగదు. ఆ పద్ధతిలో ఎక్కిన ప్రతి ప్రోగ్రామునూ తనిఖీ చేసి అవసరమనుకుంటే మరమ్మతు కూడా మొదలుపెడుతుంది. పని వేళల్లో వేల యంత్రాల మీద అలా జరిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వంటి భాగాలు జాబితాలో అనాథల్లా కనిపిస్తాయి. వాటిని ఎవరూ నేరుగా తెరవరు. కానీ వాటి మీద ఆధారపడిన ప్రోగ్రాములు ఎన్నో ఉంటాయి కాబట్టి వాటిని ముట్టుకోకూడదు.

మ్యాక్‌లో ప్రోగ్రామును చెత్తబుట్టలోకి లాగితే పోయినట్టే అనిపిస్తుంది; లైబ్రరీ ఫోల్డర్లలో దాని అమరికలు, వెనుక నడిచే సేవలు మిగిలిపోవచ్చు. వాల్ట్ డిస్నీ యానిమేషన్ స్టూడియోస్‌లో పుట్టి, ఓపెన్ సోర్స్‌గా అందరికీ అందిన ముంకి అనే పనిముట్టు ఈ రంగంలో చెప్పుకోదగ్గది. ఇన్ని రోజులు తెరవకపోతే తీసెయ్యి అని ప్రతి ప్రోగ్రాముకూ విడిగా నియమం రాసుకునే వీలు అందులో ఉంది. లినక్స్‌లో డెబియన్ కుటుంబానికి చెందినవాటిలో ‘రిమూవ్’ ఆదేశం ప్రోగ్రామును తీసి అమరికల ఫైళ్ళను ఉంచుతుంది, ‘పర్జ్’ వాటినీ తీసేస్తుంది.

క్లౌడ్ చందాల్లో వాపసు

బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటర్ మీద తీయడానికి ఏమీ ఉండదు. లాగిన్ రికార్డులే ఆధారం. మైక్రోసాఫ్ట్ 365లో ఎవరు మెయిల్ వాడారు, ఎవరు టీమ్స్ తెరిచారన్న నివేదికలు నిర్వాహకులకు అందుతాయి. స్లాక్ వంటి కొన్ని కంపెనీలు కొంతకాలం అలికిడి లేని సభ్యుల రుసుమును ఖాతాకు తిరిగి జమచేసే పద్ధతి పెట్టుకున్నాయి. అది అరుదు.

ఇక్కడ ప్రమాదం సమాచారానికి. మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సును ఒకరి నుంచి తీసేస్తే మెయిల్‌బాక్స్‌లోని సమాచారం మామూలుగా 30 రోజులే నిలుస్తుంది. వెళ్ళిపోయిన ఉద్యోగి ఉత్తరాలు సంస్థకు కావాలంటే దాన్ని ముందే ఉమ్మడి మెయిల్‌బాక్స్‌గా మార్చాలి. 50 జీబీ దాకా దానికి విడిగా లైసెన్స్ అక్కర్లేదు. వన్‌డ్రైవ్ సంగతి 2025 జనవరి 27 నుంచి మారింది. లైసెన్స్ లేకుండా 93 రోజులు గడిచిన ఖాతాలు ఆర్కైవ్‌లోకి వెళ్తాయి, అక్కడి నుంచి తెచ్చుకోవడానికి ఖర్చవుతుంది.

వాపసు వచ్చిన చందా వెంటనే డబ్బుగా మారదు. 2022లో మైక్రోసాఫ్ట్ భాగస్వాముల ద్వారా అమలుచేసిన కొత్త కొనుగోలు విధానంలో వార్షిక చందా తీసుకున్నాక మొదటి ఏడు రోజుల్లోనే సంఖ్య తగ్గించుకోవచ్చు; ఆపై ఏడాది పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. ఎప్పుడైనా తగ్గించుకునే నెలవారీ చందా కావాలంటే సుమారు 20 శాతం ఎక్కువ ఇవ్వాలి. అందుకే అనుభవం ఉన్న నిర్వాహకులు వాడకం లెక్కలను పునరుద్ధరణ తేదీకి రెండు మూడు నెలల ముందే తేల్చి పెట్టుకుంటారు. తేదీ దాటాక తేలిన మిగులు మరో ఏడాది దాకా కాగితం మీదే ఉంటుంది.

భద్రతాపరమైన ప్రాముఖ్యం

(చూడండి: కంప్యూటర్ భద్రత)

ఎవరూ తెరవని ప్రోగ్రామును ఎవరూ నవీకరించరు. దానిలోని లోపం మాత్రం దాడిచేసేవారికి తెరిచే ఉంటుంది. కార్యాలయ కంప్యూటర్లలో విరివిగా కనిపించే విన్‌రార్ దీనికి మంచి ఉదాహరణ. దానికి తనంతట తాను నవీకరించుకునే సౌకర్యం లేదు. 2023 ఏప్రిల్ నుంచి దాడిచేసేవారు వాడుకున్న ఒక లోపాన్ని ఆగస్టులో వచ్చిన 6.23 వెర్షన్ సరిచేసింది. పాత వెర్షన్ ఉన్న యంత్రాలన్నీ ఆ తర్వాత కూడా ప్రమాదంలోనే ఉండిపోయాయి. పైగా అది 40 రోజుల పరీక్షా గడువుతో వచ్చే సాఫ్ట్‌వేర్. గడువు దాటినా నడుస్తూనే ఉంటుంది కాబట్టి, లైసెన్స్ కొనని కార్యాలయానికి భద్రతా సమస్యా చట్ట సమస్యా ఒకే ఫైలులో చేరాయి.

అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31తో మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి కంపెనీయే అందులో బొమ్మలు, వీడియోలు నడవకుండా ఆపేసి, దాన్ని తొలగించుకోమని చెప్పింది.

తయారీదారులే ఈ ఆలోచనను వ్యవస్థలోకి ఎక్కించిన సందర్భమూ ఉంది. 2017 మేలో వన్నాక్రై దాడి, నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే ఎస్ఎమ్‌బీ పద్ధతి మొదటి వెర్షన్‌లోని లోపం ద్వారా ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 హోమ్, ప్రో ఎడిషన్లను కొత్తగా ఎక్కించినప్పుడు, ఆ పాత భాగాన్ని 15 రోజులపాటు ఎవరూ వాడకపోతే అది తనంతట తానే తొలగిపోతుంది. కంప్యూటర్ ఆపి ఉన్న సమయం ఆ 15 రోజుల్లో లెక్కకు రాదు.

సంస్థలు పాటించాల్సిన భద్రతా చర్యల జాబితా అయిన సీఐఎస్ నియంత్రణల ఎనిమిదో వెర్షన్ (2021) సాఫ్ట్‌వేర్ జాబితాను హార్డ్‌వేర్ జాబితా తర్వాత రెండో స్థానంలో ఉంచింది. అనుమతి లేని సాఫ్ట్‌వేర్‌ను తీసేయాలనీ, లేకుంటే మినహాయింపుకు కారణం రాసిపెట్టాలనీ అది కోరుతుంది.

ఆర్థిక ప్రాముఖ్యం: అమెరికా ప్రభుత్వ అనుభవం

ఈ విషయంలో బహిరంగంగా దొరికే వివరాల్లో అమెరికా ప్రభుత్వ నివేదికలు విలువైనవి. ప్రైవేటు సంస్థలు తమ మిగులును చెప్పుకుంటాయి గానీ వృథాను చెప్పుకోవు. 2014 మేలో అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ 24 పెద్ద శాఖలను పరిశీలించింది. లైసెన్సుల నిర్వహణకు సమగ్రమైన విధానం ఉన్నవి రెండే. సమగ్రమైన జాబితా ఉన్నవీ రెండే. 2016 జూలై 29న మెగాబైట్ చట్టం అమల్లోకి వచ్చింది. లైసెన్సుల మీద చేసే ఖర్చులో 80 శాతాన్ని పట్టిచూపే జాబితా ప్రతి శాఖ దగ్గరా ఉండాలనీ, వాడకాన్ని విశ్లేషించి మిగిలిన డబ్బు వివరాలు ఏటా సమర్పించాలనీ ఆ చట్టం చెప్పింది.

చట్టం వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. 2023 జనవరిలో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం తమ సంస్థ సాఫ్ట్‌వేర్ నిర్వహణను నాలుగు స్థాయిల్లో అట్టడుగు స్థాయిగా తేల్చింది. ఐదేళ్ళలో సుమారు మూడున్నర కోట్ల డాలర్లు మిగిలి ఉండేవని లెక్కకట్టింది. అందులో రెండు కోట్లు జరిమానాలు, అదనపు చెల్లింపులు. కోటిన్నర వాడని లైసెన్సులు. వాడని వాటిలో ఒరాకిల్ ఉత్పత్తులది ప్రధాన స్థానం. ఆడిట్ జరిగితే మరింత కట్టాల్సి వస్తుందేమోనన్న జంకుతో అవసరానికి మించి కొన్నారన్నది ఆ నివేదికలో ఆలోచింపజేసే అంశం. తమ దగ్గర ఏముందో తెలియకపోవడం రెండు వైపులా ఖర్చు తెచ్చింది. తక్కువ పడితే జరిమానా, ఆ భయంతో ఎక్కువ కొంటే వృథా.

శాశ్వత లైసెన్సుల విషయంలో మరో మెలిక ఉంది. ఒరాకిల్ వార్షిక మద్దతు రుసుము లైసెన్స్ నికర ధరలో 22 శాతం. వాడనివాటికి మద్దతు మానుకుంటే ఆ మేరకు మిగులుతుందని అనుకోవడం సహజం. కానీ ఒకే ఆర్డరులో కొన్నవాటిలో కొన్నింటిని వదులుకుంటే, మిగిలినవాటి మద్దతు ధరను కొత్తగా కట్టే హక్కు ఒరాకిల్ నిబంధనల్లో ఉంది. పెద్ద మొత్తం కొన్నందుకు వచ్చిన తగ్గింపు పోయి, ఆశించిన ఆదా కరిగిపోవచ్చు.

చట్టం, ఆడిట్, పునర్విక్రయం

(చూడండి: కాపీరైట్)

మిగిలిన లైసెన్సును అమ్ముకోవచ్చా? యూరప్‌లో కొంతవరకు వీలుంది. 2012 జూలై 3న యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం శాశ్వత లైసెన్సుతో అమ్మిన కాపీని మళ్ళీ అమ్ముకోవచ్చని తీర్పిచ్చింది. అమ్మేవాడు తన దగ్గరున్న కాపీని పనికిరాకుండా చేయాలన్నది షరతు, అంటే తొలగింపు అక్కడ చట్టపరమైన బాధ్యత. అవసరానికి మించిన సీట్లు ఉన్న ఒకే లైసెన్సును విడగొట్టి మిగులును మాత్రమే అమ్మడం కుదరదని కూడా అదే తీర్పు చెప్పింది. అమెరికాలో దిశ వేరు. 2010లో వెర్నర్, ఆటోడెస్క్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, అక్కడి ఒప్పందం కింద సాఫ్ట్‌వేర్ పొందినవారు దానికి యజమానులు కారనీ, లైసెన్సుదారులు మాత్రమేననీ తేల్చింది.

కంప్యూటర్‌లో లేకపోయినా లైసెన్స్ కావాల్సి రావచ్చని గుర్తుచేసింది 2017 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ హైకోర్టు ఇచ్చిన శాప్, డియాజియో తీర్పు. సేల్స్‌ఫోర్స్ ఆధారంగా తయారైన సొంత యాప్‌ల ద్వారా శాప్ వ్యవస్థను పరోక్షంగా వాడినవారికీ రుసుము వర్తిస్తుందని కోర్టు అంది. శాప్ కోరిన మొత్తం 5.4 కోట్ల పౌండ్లకు పైనే.

వాడకం కొలతకు ఉద్యోగుల గోప్యత అనే హద్దు ఉంది. జర్మనీలో ఉద్యోగుల ప్రవర్తనను కనిపెట్టగల సాంకేతిక పరికరాన్ని ప్రవేశపెట్టాలంటే ఉద్యోగుల మండలి సమ్మతి కావాలి. ప్రోగ్రామును ఎప్పుడు తెరిచారో నమోదు చేసే ఏజెంట్ ఆ కోవలోకే వస్తుంది. అందుకే చివరిసారి వాడిన తేదీని మాత్రమే ఉంచుకుని, మిగతా వివరాలను వదిలేసే పద్ధతి మేలు.

భారతదేశంలో

1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, అనధికార కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇంటి వాడకానికి ఉచితమైన టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ వంటివాటిని కార్యాలయంలో ఎక్కించుకోవడం వాటి నిబంధనలకు విరుద్ధం. చిన్న కార్యాలయాల్లో ఇలాంటివి వెతికి తీసేయడమే ఈ పనిలో మొదటి అడుగు.

రిజర్వ్ బ్యాంకు 2023 నవంబర్‌లో జారీచేసిన ఐటీ పాలన ఆదేశాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తమ పరిధిలోని బ్యాంకులు, ఆర్థిక సంస్థలు మద్దతు ముగిసిన సాఫ్ట్‌వేర్‌ను వాడకుండా చూడాలనీ, ఆ గడువు తేదీలను కనిపెట్టుకుని ఉండాలనీ అవి చెబుతాయి.

తెలుగు రాష్ట్రాల్లో చిన్న వ్యాపారులకు, ఆడిటర్లకు బాగా తెలిసిన ఉదాహరణ ట్యాలీ. కంప్యూటర్ మార్చేటప్పుడు పాతదానిలో లైసెన్సును ‘సరెండర్’ చేసి, కొత్తదానిలో మళ్ళీ యాక్టివేట్ చేసుకోవాలి. పాత కంప్యూటర్‌ను తుక్కువాడికి ఇచ్చేశాక ఆ సంగతి గుర్తొచ్చిన కొట్టు యజమాని సరెండర్ కోసం ట్యాలీ భాగస్వామి దగ్గరకో సహాయ కేంద్రానికో పరుగెత్తాలి. వేల కంప్యూటర్ల సంస్థలో జరిగే వాపసుకు ఇది ఒక్క యంత్రపు నమూనా.

పనిముట్ల తయారీలోనూ భారతీయ సంస్థల పాత్ర ఉంది. చెన్నైకి చెందిన జోహో సంస్థలో భాగమైన మేనేజ్‌ఇంజిన్ రూపొందించిన ఎండ్‌పాయింట్ సెంట్రల్‌లో సాఫ్ట్‌వేర్ జాబితా, వాడకం కొలత, తొలగింపు మూడూ ఉన్నాయి. ఐబీఎం చేతిలో ఉన్న బిగ్‌ఫిక్స్‌ను హెచ్‌సీఎల్ 2019లో సొంతం చేసుకుంది. లైసెన్సుల నిర్వహణ ఉత్పత్తి ఉన్న సర్వీస్‌నౌకు హైదరాబాద్‌లో పెద్ద అభివృద్ధి కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల కేంద్రాల్లో పనిచేసే ఐటీ బృందాలు విదేశాల్లో ఉన్న తమ సహోద్యోగుల కంప్యూటర్లలో కూడా ఈ తొలగింపులను నడుపుతుంటాయి. అమెరికాలో అర్ధరాత్రి ఇక్కడ పగలు కావడం వల్ల, అక్కడివారి పనికి అంతరాయం లేకుండా కంప్యూటర్లను మూసి తెరిచే అవసరమున్న మార్పులు చేయడానికి ఆ వేళ అనుకూలిస్తుంది.